గ్లైకోసైలేషన్‌కి తెలుగులో ఏ క్రియ? అంటుకోవడమా, పట్టడమా, తొడగడమా

పెద్దలందరికీ నమస్కారం. మా బెంగళూరు తెలుగువాళ్ల పత్రికకి ఫిట్స్ మీద వ్యాసం రాస్తున్నా, ఇక్కడి మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కి అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి ఎంతమంది వస్తారో తెలిసిందే కదా, వాళ్లింట్లో ఇంటర్ చదివే పిల్లలకైనా అర్థం కావాలని. మెదడులో గాబా అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని అణుస్తుంది, అది వచ్చి కూర్చునే ప్రొటీన్ పేరు గాబా-ఎ రిసెప్టార్, గాబా కూర్చోగానే దాని మధ్యలో దారి తెరుచుకుని క్లోరైడ్ లోపలికి పోతుంది, నరం నెమ్మదిస్తుంది. ఇక్కడిదాకా పేచీ లేదు. ఆ ప్రొటీన్‌కి చక్కెర గొలుసులు ఉంటాయి, కణం వాటిని ప్రొటీన్‌కి చేర్చే పనినే గ్లైకోసైలేషన్ అంటారు, దాని దగ్గరే క్రియ కుదరట్లేదు.

"చక్కెర అంటుకున్న ప్రొటీన్" అని రాస్తే చదివినవాళ్లకి ముందు షుగర్ జబ్బే గుర్తొస్తుంది. మసి అంటుకుంటుంది, జలుబు అంటుకుంటుంది, ఎవరూ పనిగట్టుకుని చెయ్యరు. పట్టడమూ అంతే, తుప్పు పడుతుంది, చెదలు పడుతుంది. రక్తంలో గ్లూకోజ్ హిమోగ్లోబిన్‌కి పట్టేది సరిగ్గా అలాగే, ఎంజైమ్ అక్కర్లేదు, మూణ్ణెల్ల షుగర్ టెస్టులో కొలిచేది దాన్నే, దాని పేరు గ్లైకేషన్. కానీ మన ల్యాబ్ రిపోర్టుల్లో ఇప్పటికీ "గ్లైకోసైలేటెడ్ హిమోగ్లోబిన్" అని అచ్చేసేవాళ్లున్నారు కాబట్టి ఈ గందరగోళం ఇంగ్లీషులోనూ ఉంది, మన భాషనే తిట్టుకోనక్కర్లేదు.

గ్లైకోసైలేషన్ అలా కాదు. ప్రొటీన్ ఇంకా అల్లుతుండగానే ముందే సిద్ధం చేసి పెట్టుకున్న 14 చక్కెరల కొమ్మని ఒక ఎంజైమ్ తెచ్చి పెడుతుంది, అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు, ప్రొటీన్‌లో పూసల్లా వరసగా ఉండే అమినో ఆమ్లాల్లో ఆస్పరజిన్ ఉండాలి, దాని పక్కన ప్రోలీన్ తప్ప ఏదైనా ఒకటి, ఆ పక్కన సెరీన్ గానీ త్రియోనిన్ గానీ ఉండాలి. ఆ కొమ్మ చివరి గ్లూకోజ్‌లు రెండు తీసేశాక మిగిలిన ఒక్కదాన్ని చూసి కాల్నెక్సిన్ అనే ప్రొటీన్ వచ్చి పట్టుకుంటుంది, మడత సరిగ్గా కుదిరేలా చూస్తుంది, ఎంతకీ కుదరనివాటిని కణమే ముక్కలు చేసేస్తుంది. ఇంత ఏర్పాటున్న పనికి "అంటుకోవడం" ఏం న్యాయం? నా ఓటు "తొడగడం". ఉంగరం తొడగాలంటే తొడిగేవాళ్లుండాలి, తొడగడానికి వేలుండాలి. మీరేమంటారు?

మల్లేశ్వరం మాస్టారు: శర్కరీకరణ అనొచ్చు కదమ్మా. శాస్త్రంలో మాట ఒక్క ముక్కలో ఉంటేనే నిలబడుతుంది.

హిందూపురం అక్క: మాస్టారూ, పట్టణీకరణ అంటే పల్లె పట్టణమైపోవడం. శర్కరీకరణ అంటే ప్రొటీన్ కాస్తా చక్కెరైపోయిందనుకుంటారు సార్.

మల్లేశ్వరం మాస్టారు: విద్యుదీకరణలో ఊరు కరెంటైపోయిందా తల్లీ?

హిందూపురం అక్క: ఆ దెబ్బకి నా దగ్గర జవాబు లేదు సార్, అయినా పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే సాకరిఫికేషన్ ఒకటుంది కదా, మీ మాట దానికి అచ్చంగా సరిపోతుంది, దానికే ఉంచుదాం.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు: ఏ క్రియైతే ఏముంది అక్కా, పైన అలంకారానికే కదా ఆ చక్కెర.

పోస్టు పెట్టినావిడ: అలంకారమైతే నేను ఇంత గొడవ చేసేదాన్నే కాదు తమ్ముడూ. ఈ రిసెప్టార్ అయిదు సబ్‌యూనిట్లు, అంటే విడివిడి ప్రొటీన్ ముక్కలు, గుండ్రంగా చేరితే తయారవుతుంది, మనిషిలో సబ్‌యూనిట్లు మొత్తం 19 రకాలు, మెదడులో ఎక్కువగా కనిపించే కూర్పు మాత్రం రెండు ఆల్ఫా-1, రెండు బీటా-2, ఒక గామా-2. ఎందుకని మూడు ఆల్ఫాలు చేరవు? 2018లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఈ రిసెప్టార్ నిర్మాణం తీసినప్పుడు కనబడిందేంటంటే, ఆల్ఫా-1లో 110వ స్థానంలో ఉన్న ఆస్పరజిన్‌కి తొడిగిన గొలుసు బయటికి కాకుండా గుండ్రం లోపలి ఖాళీలోకి ఉంది. రైల్లో ఎదురెదురు సీట్ల మధ్య ఇద్దరు పెద్ద పెట్టెలు పెట్టేశాక మూడోవాళ్ల పెట్టె ఎక్కడ పడుతుంది, అలా రెండు ఆల్ఫాల గొలుసులతోనే ఆ చోటు నిండిపోతుంది, మూడో ఆల్ఫాకి వీలుండదు. అందులో ఒక గొలుసు వెళ్లి గామా-2ని ఆనుకుని ఉంటుంది. ఫిట్స్ ఆపడానికి ఇచ్చే డయాజిపామ్ పనిచేసేది ఆల్ఫా, గామా కలిసే చోట, అంటే గామా లేని కూర్పైతే ఆ మందు కూర్చునే ఆ చోటే ఉండదు.

కూర్పు అయ్యాక కూడా వీటి పని అయిపోదు. బీటా-2కి మూడు చోట్ల చక్కెర ఉంటుంది, అందులో కొన్ని చోట్ల ఆస్పరజిన్‌ని మార్చేసి చక్కెర లేకుండా చేసి చూస్తే గాబా కూర్చున్నప్పుడు వచ్చే కరెంట్, అంటే ఆ దారిలో పోయే క్లోరైడ్ ప్రవాహం, తగ్గింది, దారి తెరుచుకుని ఉండే సమయం కూడా మారింది. పోనీ ఎక్కువుంటే మంచిదా అంటే అదీ కాదు, పిల్లలు ఉన్నట్టుండి కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఆబ్సెన్స్ ఫిట్స్ ఉన్న కొన్ని కుటుంబాల్లో బీటా-3 జీన్‌లో మార్పులు దొరికాయి, ఆ మార్పులున్న ప్రొటీన్‌కి చక్కెర మామూలు కంటే ఎక్కువ చేరుతోందని, కరెంట్ తగ్గుతోందని 2008లో చూపించారు.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు: సరే అక్కా, తొడగడమే. కానీ ఇలా నరాన్ని అణిచే రిసెప్టార్లకి "నిరోధక గ్రాహకాలు" అని మాత్రం రాయొద్దు, రోగనిరోధక శక్తి అనుకుంటారు, లేదా ఇంకేదో గుర్తొచ్చి నవ్వుతారు.

పోస్టు పెట్టినావిడ: "అణిచే రిసెప్టార్లు" అని రాశాలే.

మల్లేశ్వరం మాస్టారు: అణిచేది గాబా ఒక్కటేనా? విషముష్టి గింజ తింటే ఒళ్లంతా కొంకర్లు పోతుందే, అదీ ఈ గూటిదేనా?

పోస్టు పెట్టినావిడ: ఒకే కుటుంబం మాస్టారూ. గాబాలాగే అణిచే ఇంకో రసాయనం గ్లైసిన్, విషముష్టిలోని స్ట్రిక్నిన్ అనే విషం ఆ గ్లైసిన్ రిసెప్టార్‌ని మూసేస్తుంది, అది ఎక్కువగా వెన్నుపాములోనూ మెదడు కాండంలోనూ ఉంటుంది, అణిచేది ఆగిపోయేసరికి కండరాలు బిగుసుకుపోతాయి. దానికీ అయిదు సబ్‌యూనిట్లే. దాని ఆల్ఫా-1కి చక్కెర తొడిగే చోటు ఒక్కటే, అక్కడ చక్కెర లేకపోతే అయిదూ సరిగ్గా చేరవు.

హిందూపురం అక్క: మరి చక్కెరా, పంచదారా? మా ఆయన గోదావరి మనిషి, చక్కెర అంటే ఒప్పుకోడు.

పోస్టు పెట్టినావిడ: పంచదార అంటే కాఫీలో వేసుకునే సుక్రోజే కళ్లముందుకొస్తుంది అక్కా, ఆ 14లో అది ఒక్కటి కూడా లేదు, మ్యానోజ్‌లు 9, గ్లూకోజ్‌లు 3, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్‌లు 2. అందుకే చక్కెరలు అని బహువచనంలో వేస్తా, బావగారికి ఎబ్బెట్టుగా ఉన్నా సరే.