6డి కెమెరాలో బయటి కంపెనీ స్ప్లిట్ ఇమేజ్ స్క్రీన్ వేసుకోవచ్చా?

బెజవాడ లెన్సు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు స్టూడియో నడిపిన రోజుల్లో నికాన్ ఎఫ్ఎం2 మీద వాడిన 50 ఎంఎం ఎఫ్ 1.4 మాన్యువల్ లెన్సును ఈ మధ్య అడాప్టర్ పెట్టి నా కెనాన్ 6డికి తగిలించాను. లెన్సు ఇచ్చే బొమ్మ చూస్తే ముచ్చటేస్తుంది గానీ ఫోకస్ మాత్రం చేతికి చిక్కడం లేదు. ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.4 దగ్గర, అంటే లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి, మా అమ్మాయిని పన్నెండు ఫొటోలు తీస్తే, కన్ను షార్ప్‌గా వచ్చినవి రెండే. తక్కినవాటిలో జూకాకు వేలాడే ముత్యాలు లెక్కపెట్టుకోవచ్చు, కనురెప్పలు మాత్రం మసకే. వింత ఏమిటంటే, తీసేటప్పుడు వ్యూఫైండర్‌లో అన్నీ సరిగ్గానే కనిపించాయి. అదే ఎఫ్ఎం2లో మధ్యనున్న వృత్తంలో విరిగిన గీత అతుక్కుందంటే ఫోకస్ కుదిరినట్లే. అటువంటి స్ప్లిట్ స్క్రీన్లను (వ్యూఫైండర్‌లో బొమ్మ పడే పలకలను) 6డి కొలతకు కత్తిరించి అమ్ముతున్నారని విన్నాను. దాన్ని వేసుకుంటే ఆటోఫోకస్, మీటరింగ్ (వెలుతురు కొలత) దెబ్బతింటాయా? నా దగ్గర 24-105 ఎఫ్ 4 లెన్సు కూడా ఉంది.

పాత నెగటివ్:

లోపం మీ కంటిది కాదు, లెన్సుదీ కాదు. ఆటోఫోకస్ కెమెరాలలో వచ్చే స్క్రీన్లను ఎఫ్ 4, ఎఫ్ 5.6 జూమ్ లెన్సులతో కూడా వెలుతురుగా కనిపించేటట్లు, అతి సన్నని సూక్ష్మ కటకాల నిర్మాణంతో తయారు చేస్తారు. ఆ వెలుతురు కోసం చెల్లించే మూల్యం ఏమిటంటే, లెన్సు అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలు మీ కంటికి చేరవు. అందువల్ల లెన్సు ఎఫ్ 1.4 అయినా వ్యూఫైండర్‌లో మీరు చూసేది ఇంచుమించు ఎఫ్ 2.8 బొమ్మే. ఒకటిన్నర మీటర్ల దూరంలో ఎఫ్ 1.4 వద్ద స్పష్టంగా వచ్చే లోతు ఏడెనిమిది సెంటీమీటర్లయితే, స్క్రీన్ మీకు పదిహేను సెంటీమీటర్లు చూపిస్తోంది. కన్నూ చెవీ రెండూ బాగున్నట్లు కనిపించడానికి కారణం అదే.

నమ్మకం లేకపోతే కెమెరాను కిటికీ వైపు పెట్టి, వ్యూఫైండర్‌లో చూస్తూ అపర్చర్ రింగును 1.4 నుంచి 2, ఆ తర్వాత 2.8 దాకా తిప్పండి. వెలుతురులో మార్పు దాదాపు తెలియదు. 2.8 దాటి 4 వైపు తిప్పినప్పుడే బొమ్మ చీకటి పడడం మొదలవుతుంది.

6డికి కెనాన్ స్ప్లిట్ స్క్రీన్ ఇవ్వలేదు, కానీ వెలుతురైన లెన్సులతో మాన్యువల్ ఫోకస్ చేసేవారి కోసం ఈజీ-ఎస్ అనే మ్యాట్ (స్ప్లిట్ గీత లేని గరుకు) స్క్రీన్ ఇచ్చింది. నేను మొదట దాన్నే ప్రయత్నించమంటాను. వేసిన వెంటనే కెమెరా మెనూలోని కస్టమ్ ఫంక్షన్లలో స్క్రీన్ రకాన్ని మార్చండి, లేకపోతే ఎక్స్‌పోజర్ తప్పుతుంది. మీటర్ సెన్సర్ స్క్రీన్‌కు పైనున్న ప్రిజం దగ్గర ఉండి, స్క్రీన్ మీద పడిన వెలుతురునే కొలుస్తుంది మరి. ఆటోఫోకస్ గురించి బెంగ అక్కర్లేదు. దానికి కావలసిన కాంతి పెద్ద అద్దంలోంచి దూరి, వెనకనున్న చిన్న అద్దం మీద పడి కెమెరా అడుగుకు వెళ్తుంది, స్క్రీన్ ఆ దారిలోనే లేదు.

చీకటి గది:

పై సలహాతో ఏకీభవిస్తూనే, స్ప్లిట్ స్క్రీన్ వేసుకుని చేతులు కాల్చుకున్నవాడిగా రెండు మాటలు చెబుతాను. గీత కలిసిందంటే ఫోకస్ కుదిరినట్లే అన్న మాట, లెన్సు మౌంట్ నుంచి స్క్రీన్ దాకా, సెన్సర్ దాకా కాంతి నడిచే దూరాలు రెండూ సమానమైనప్పుడే నిజం. ఫుల్ ఫ్రేమ్ (6డి వంటి 35 ఎంఎం సైజు) సెన్సర్ మీద ఎఫ్ 1.4 దగ్గర ఉండే వెసులుబాటు అటూ ఇటూ 0.04 మిల్లీమీటర్లు మాత్రమే. వేరే కెమెరా స్క్రీన్‌ను కత్తిరించి తెచ్చినప్పుడు మందంలో ఆ మాత్రం తేడా ఉండడం పెద్ద విషయం కాదు.

నేను చేసిన పరీక్ష ఇది. కెమెరాను స్టాండు మీద బిగించి, చెక్క స్కేలును ఏటవాలుగా ఆనించి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పది రెట్లు పెద్దది చేసి 15 అంకె మీద ఫోకస్ చేశాను. లైవ్ వ్యూలో అద్దం లేచి ఉంటుంది, బొమ్మ నేరుగా సెన్సర్ నుంచే వస్తుంది, కాబట్టి ప్రమాణం అదే. తర్వాత రింగును ముట్టుకోకుండా వ్యూఫైండర్‌లో చూస్తే, గీత 15 దగ్గర విరిగి ఉంది, నా వైపున్న 14 దగ్గర కలిసింది. అంటే గీతను నమ్మి తీస్తే ఫోకస్ వెనక్కి పోతుందన్నమాట. స్క్రీన్ ఉండవలసిన చోటికన్నా ఎత్తుగా, ప్రిజం వైపు ఉంటేనే ఇలా జరుగుతుంది. స్క్రీన్‌కూ ప్రిజంకూ మధ్య సన్నని షిమ్ (సందు నింపే పలుచని పట్టీ) ఒకటి చేర్చి దాన్ని కిందికి దించాలి. ఫోకస్ ముందుకు వస్తుంటే షిమ్ తీయాలి. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మధ్యలో దుమ్ము కనిపించిందని మెత్తని గుడ్డతో తుడిచాను, ప్లాస్టిక్ స్క్రీన్ మీద గీత పడింది, ఇప్పటికీ ఉంది. దయచేసి గాలి బుడ్డి తప్ప ఏదీ వాడకండి.

మీ 24-105తో ఎఫ్ 4 దగ్గర స్ప్లిట్ పనిచేస్తుంది, కన్ను కాస్త పక్కకు జరిగినా సగం వృత్తం నల్లబడుతుంది. ఎఫ్ 5.6 జూమ్ అయితే ఆ నలుపే మిగులుతుంది. స్పాట్ మీటరింగ్‌ను (బొమ్మ నడిమి భాగాన్నే కొలిచే పద్ధతిని) మాత్రం మరచిపోండి, అది కొలిచేది సరిగ్గా ఆ వృత్తంలోని ప్రిజం ముక్కల మీదే.

కళ్లజోడు:

ఏదైనా కొనే ముందు ఐపీస్ పక్కనున్న డయాప్టర్ చక్రాన్ని (వ్యూఫైండర్‌ను మన చూపుకు కుదిర్చేదాన్ని) సరిచూసుకోండి. ఎదుటి దృశ్యాన్ని పట్టించుకోకుండా, స్క్రీన్ మీది ఏఎఫ్ పాయింట్ల గుర్తులు పదునుగా కనిపించేదాకా తిప్పాలి. అది తప్పితే ఏ స్క్రీనూ ఆదుకోదు.

బెజవాడ లెన్సు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కిటికీ పరీక్షలో అక్షరాలా చెప్పినట్లే జరిగింది. డయాప్టర్ కూడా రెండు మెట్లు తప్పి ఉంది. ఈజీ-ఎస్ తెప్పించి వేశాను, స్కేలు పరీక్షలో తేడా కనిపించలేదు. మళ్లీ పన్నెండు తీస్తే ఎనిమిదింటిలో కన్ను కుదిరింది, తక్కినవి అమ్మాయి కదలడం వల్ల పోయినవి. 24-105 తగిలించినప్పుడు మాత్రం సాయంత్రం ఇంట్లో వ్యూఫైండర్ బాగా మసకబారుతోంది, అందుకని పాత స్క్రీన్‌ను డబ్బాలో పెట్టి కెమెరా సంచిలోనే ఉంచుకున్నాను.