అయ్యర్ దొర ఎవరండీ?

మాది గుంటూరు బ్రాడీపేట. మా నాయనమ్మ మన లూథరన్ సంఘాన్ని "అయ్యర్ దొర పెట్టిన సంఘం" అనేది. అయ్యర్ ఏంటి, చర్చి ఏంటి? అమెరికా వాళ్లు పెట్టారని మామయ్య. ఎవరిది కరెక్ట్?

జవాబు: ఇద్దరిదీ బాబూ. ఆయన ఫాదర్ హయ్యర్, మనవాళ్ల నోట్లో అయ్యర్ అయ్యాడు. 1793లో జర్మనీలో, హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. కుర్రాడిగానే 1807లో అమెరికా వలస పోయాడు. అక్కడి లూథరన్లు పంపితే 1842 జూలై 31న గుంటూరులో దిగాడు. అప్పటి కలెక్టర్ స్టోక్స్ ఆసరా ఇచ్చాడు. మా అమ్మకీ ఆయన అయ్యరే, దిద్దితే కోప్పడేది.

ఇంకొకరు: మనం సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కాదా అన్నా?

జవాబు: కాదు తమ్ముడూ. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు అందులో కలిశారు. మనవాళ్లు కలవలేదు. 1927 నుంచి మనది ఏఈఎల్‌సీనే, అంటే ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి.

అడిగినవారు: థాంక్సండీ. మామయ్యకి ఈ రాత్రే ఫోన్ చేస్తా.