మామిడి నీడలో పూల మొక్కలు: స్నోడ్రాప్ గడ్డలు ఎందుకు కుళ్ళాయి?

ప్రశ్న (గుంటూరు, కొరిటెపాడు నుంచి):
నమస్తే అండీ. మా పెరట్లో పెద్ద మామిడి, దాని పక్కన వేప ఉన్నాయి. కింద అంతా నల్లమట్టి, గడ్డి కూడా సరిగ్గా రాదు. చలిదేశాల్లో అడవి చెట్ల కింద వసంతంలో నేలంతా పూసే స్నోడ్రాప్, బ్లూబెల్ వీడియోలు చూసి ఎంతో ఇష్టపడి ఆన్‌లైన్‌లో గడ్డలు తెప్పించాను. ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే మెత్తగా కుళ్ళిపోయాయి. నీళ్ళు ఎక్కువయ్యాయని అమ్మినవాళ్ళు అంటున్నారు. మళ్ళీ తెప్పించనా?

జవాబు 1:
గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టి నాటండి. మాకు తెలిసినవాళ్ళు టులిప్‌లు అలాగే పూయించారు.

జవాబు 2 (విజయవాడ, గుణదల నుంచి):
మళ్ళీ తెప్పించకండి. నీళ్ళు తగ్గించినా అవి ఇక్కడ బతకవు. ఆ గడ్డలు నిద్ర లేవాలంటే కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. మన దగ్గర జనవరి రాత్రుల్లో కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. చలి తగలని గడ్డ వెచ్చటి తడిమట్టిలో కుళ్ళక ఏం చేస్తుంది? పైగా స్నోడ్రాప్ గడ్డ బయట ఉంటే త్వరగా ఎండిపోతుంది. దూరం నుంచి వచ్చేసరికే సగం ప్రాణం పోయి ఉంటుంది.

ఫ్రిజ్ సంగతి టులిప్‌కి నిజమే. 5 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 వారాలు ఉంచి, డిసెంబర్‌లో కుండీలో నాటితే పూస్తుంది. పక్కన పండ్లు పెట్టకూడదు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చచ్చిపోతుంది. అంత చేసినా ఒక్కసారే పూస్తుంది, మరుసటి ఏడాదికి ఆ గడ్డ పనికిరాదు. నాకైతే అది మొక్క పెంచడం అనిపించదు.

అక్కడి అడవి మొక్కల కిటుకు ఏమిటంటే, చెట్లకు ఆకు రాకముందు నేల మీద ఎండ పడే కొద్ది వారాల్లోనే అవి ఆకేసి, పూసి, తిండిని గడ్డలో దాచుకుని పడుకుంటాయి. కాలం చూసి లేచి, పని ముగించుకుని పడుకునే గడ్డలు మనకూ ఉన్నాయి. కాకపోతే వాటిని లేపేది ఎండల తర్వాత పడే తొలివాన. కొండపల్లి వైపు అడవి చూడండి. వేసవి ముదిరేసరికి చాలా చెట్లు ఆకు రాల్చేస్తాయి. మన వసంతంలో పూసేవి ఎక్కువగా చెట్లే: మోదుగ, కొండగోగు, ఆ తర్వాత రేల. నేలలోని గడ్డల వంతు ఆ తర్వాత వస్తుంది.

అందుకే మీరు ఫుట్‌బాల్ లిల్లీతో మొదలుపెట్టండి. పుట్టింది ఆఫ్రికాలో అయినా మన వాతావరణానికి బాగా అలవాటు పడింది. మే జల్లులకు ఆకు లేకుండానే ఎర్రటి బంతిలా పూస్తుంది, నీడంటే దానికి ఇష్టం. భూచంపకం ఇంకా అందం. ఎండల్లో ఉత్త నేలలోంచి సువాసన పువ్వు వస్తుంది, ఆకు తర్వాత వస్తుంది. మామిడి అంచున కాస్త ఎండ తగిలే చోట రెయిన్ లిల్లీ వేయండి. ఏడాదంతా రంగు కావాలంటే కనకాంబరం ఉండనే ఉంది. అది మన దక్షిణాది అడవి నీడల్లో పుట్టిన మొక్కే. జడలోకి చేరాక ఆ సంగతి మర్చిపోయాం. కడియం నర్సరీల్లో అడిగి చూడండి.

ఇక మట్టి. నల్లమట్టిలో నేరుగా నాటొద్దు. వానకు నీళ్ళు నిలుస్తాయి, ఎండకు పగుళ్ళు వేస్తుంది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన ఆకు ఎరువు కలిపి అర అడుగు ఎత్తు మడి కట్టండి. చెట్టు మొదలుకు మట్టి ఆనించకండి, బెరడు కుళ్ళుతుంది. లోతుగా తవ్వి వేర్లు తెంపకండి. రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టడం మాత్రం దయచేసి మానండి. మామిడాకు త్వరగా చివకదు కాబట్టి ముక్కలు చేసి మడి మీదే పరవండి. మేలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో గడ్డల్ని కాపాడేది ఆ పొరే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. చలికాలంలో ఫుట్‌బాల్ లిల్లీ ఆకులు పండిపోతే నీళ్ళు పోయాలా? నాభి పువ్వు కూడా వేద్దామనుకుంటున్నాను. ఇంట్లో రెండేళ్ళ మనవడు ఉన్నాడు.

జవాబు 2:
పోయకండి. ఆకు పండిందంటే పడుకుంటోందన్నమాట, మళ్ళీ మొగ్గ కనిపించేదాకా దాని జోలికి పోవద్దు. కుంపటి లాంటి ఎండల్లోనూ తడి పెట్టాలనిపిస్తుంది, ఆగండి. నాభి మాత్రం వద్దమ్మా. గడ్డ, గింజ అన్నీ విషమే, ప్రాణం తీస్తుంది. ఫుట్‌బాల్ లిల్లీ గడ్డ కూడా తినకూడనిదే, అందుకే మడి చుట్టూ చిన్న కంచె కట్టండి. వానలు మొదలయ్యాక నత్తలు లేతాకు కొరుకుతాయి. రాత్రి టార్చి వేసుకుని వెళ్ళి ఏరేయండి, మందు చల్లాల్సిన పనిలేదు.