ఒంగోలులో ఉంటూ బ్యాలే: ఐదో గ్రేడు తర్వాత ఏ దారి?

మా అమ్మాయికి పదకొండేళ్లు నిండాయి. చిన్నప్పుడు చెన్నైలో బ్యాలే మొదలుపెట్టింది. మేము ఒంగోలు వచ్చేశాక కూడా వారాంతాల్లో రైలెక్కి అక్కడికే వెళ్తోంది. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్ పరీక్షల్లో ప్రీ ప్రైమరీ నుంచి మొదలై ఈ మధ్యే ఐదో గ్రేడు పాసైంది.

ఇక్కడ దారి చీలింది. ఒకవైపు 6, 7, 8 గ్రేడ్లు. మరోవైపు ఇంటర్మీడియట్ ఫౌండేషన్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ ఫౌండేషన్, ఆపైన అడ్వాన్స్‌డ్ 1, 2. నృత్యాన్నే వృత్తిగా తీసుకోవాలనుకునేవారికి ఈ రెండోది. పాయింట్ షూస్ వేసుకుని కాలి వేళ్ల కొనల మీద నిలబడటం అందులో తొలిమెట్టులోనే ఉంది. పిల్ల మనసంతా ఆ బూట్ల మీదే! రెండూ కలిపి చేయవచ్చని టీచర్‌గారు అంటున్నారు. వారానికి ఒక్క క్లాసుతో అది కుదురుతుందంటే నాకు నమ్మకం లేదు. మీ పిల్లలు చేశారా? పాదాలు, చీలమండలు పాయింట్ షూస్‌కు సిద్ధమయ్యాయో లేదో ఎవరికి చూపించారు, ఎముకల డాక్టరుకా, ఫిజియోథెరపిస్టుకా?

ఇంట్లో సాధనకు మాది గ్రానైట్ నేల. గ్రానైట్ గనుల చీమకుర్తి పక్కనే ఉన్నాం కదా, ఇంకేముంటుంది! గెంతులకు ఈ గట్టి నేల మోకాళ్లకు మంచిది కాదు. రబ్బరు మీద ప్లైవుడ్, పైన వినైల్ పరిచి చిన్న గదిలో వేయించుకున్నవారుంటే ఖర్చెంతైందో చెప్పండి.

మా అత్తగారేమో కూచిపూడి కూడా నేర్పించమంటున్నారు. బ్యాలేలోలాగే అందులోని అరమండిలోనూ (సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) మోకాళ్లు బయటికే తిరుగుతాయి, కానీ వంచి అలాగే నిలబెట్టాలి. రెండూ నేర్చుకున్న పిల్లలకు అది సాయపడిందా, అడ్డొచ్చిందా?