మాథ్యూ పారిస్ జెరూసలేం దారిపటం: నడిచేవారి కోసమా, మఠం దాటనివారి కోసమా?

చర్చాంశం

ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ మఠానికి చెందిన సన్యాసి మాథ్యూ పారిస్, 1250 ప్రాంతంలో తన చరిత్ర గ్రంథానికి ముందు కొన్ని పుటల్లో లండన్ నుంచి దక్షిణ ఇటలీ దాకా దారిని, దాని వెంట జెరూసలేం ఉన్న పవిత్రభూమి పటాన్ని రంగుల్లో చిత్రించాడు. ఇది యాత్రికులకు దారి చూపడానికి గీసినదేనా, లేక మఠంలోనే ఉండి ధ్యానంలో మనసుతో యాత్ర చేయడానికా? సభ్యులు తమ అభిప్రాయాలను కారణాలతో సహా తెలియజేయగలరు.

మొదటి స్పందన

దారి చూపడానికే అని నా అభిప్రాయం. రోచెస్టర్, కాంటర్‌బరీ, డోవర్ వంటి మజిలీలు అసలు ప్రయాణంలో వచ్చే వరుసలోనే ఉన్నాయి. ఒక ఊరికీ మరో ఊరికీ నడుమ గీసిన గీత మీద అది ఒక రోజు ప్రయాణమని ఫ్రెంచిలో రాసి ఉంది. ధ్యానానికి మాత్రమే అయితే ఇంత లెక్క ఎందుకు?

రెండవ స్పందన

మీరు చూపిన వివరాలు నిజమే. అయితే అవి ఆ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి గాని, పటాన్ని ఎవరు వాడారో చెప్పవు. పవిత్రభూమికి వెళ్లివచ్చిన కార్న్‌వాల్ ప్రభువు రిచర్డ్ వంటివారు మాథ్యూకు తెలిసినవారే కనుక, మఠంలో కూర్చునే నమ్మదగిన వివరాలు సేకరించడం అతనికి కష్టం కాదు. ఇక పుటను దగ్గరగా చూడండి: దారి నిలువు పట్టీలుగా సాగుతుంది, ఒక్కొక్క పట్టీని కింది నుంచి పైకి చదవాలి, కొన్నిచోట్ల అంచుకు అతికించిన తోలుకాగితపు ముక్కను వేలితో విప్పితే పటం ఇంకొంత విస్తరిస్తుంది. బరువైన చరిత్ర గ్రంథంలో భాగమైన ఈ పుటలను గుర్రం మీద కట్టుకుని ఆల్ప్స్ దాటినవారు ఉంటారని నేను అనుకోలేను. ఒకే మఠాన్ని అంటిపెట్టుకుని ఉంటానని ప్రమాణం చేసి, మఠాధిపతి అనుమతి లేనిదే గడప దాటలేని బెనెడిక్టైన్ సన్యాసి, ఈ పుటల మీద వేలు కదుపుతూ మజిలీ తరవాత మజిలీ దాటి ఉంటాడనడమే నాకు సబబుగా తోస్తుంది. ఈ పుటల్లో నన్ను అన్నిటికన్నా కదిలించేది కూడా అదే.

మొదటి స్పందన రాసినవారు

మరి దక్షిణ ఇటలీలోని అపూలియా దగ్గర మాథ్యూ, రిచర్డ్‌కు పోపు ఆ రాజ్యాన్ని ఇవ్వజూపిన సంగతి రాశాడు కదా? అది భక్తికి సంబంధించినది కాదు. పైగా పవిత్రభూమి పటంలో జెరూసలేం కన్నా అక్రా నగరాన్నే ఎంతో పెద్దదిగా గీశాడు.

రెండవ స్పందన రాసినవారు

అపూలియా వ్యాఖ్య నా వాదానికి పూర్తిగా ఒదగదు. అక్కడ మాట్లాడుతున్నది యాత్రికుడు కాదు, చరిత్రకారుడు. అక్రా సంగతి వేరు. జెరూసలేం 1244లో క్రైస్తవుల చేజారింది, అక్రా మాత్రం 1291 దాకా వారి చేతిలోనే ఉంది. ఓడలు ఆగే రేవూ, క్రైస్తవుల ముఖ్య స్థావరమూ అదే కాబట్టి దానికి అంత చోటు దక్కింది. అయితే దారిపటమే ఉద్దేశమైతే, అపూలియా రేవుల నుంచి అక్రాకు సాగే సముద్రయానాన్ని కూడా ఇంగ్లండు దారిలాగే మజిలీలుగా చూపి ఉండాలి. అక్కడ పట్టీలు ఆగిపోయి, ఒక్కసారిగా తీరమంతా కళ్ల ముందు పరుచుకుంటుంది. ఆ తేడాకు మీ వాదంలో కారణం ఏమిటో దయచేసి వివరించగలరు.