నార్టన్ కమాండో గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి?
అందరికీ నమస్కారం. నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. నా దగ్గర 1974 నార్టన్ కమాండో 850 మోటార్‌సైకిల్ ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్ దించితే అడుగున సన్నటి బంగారు రంగు పొడి కనిపించింది. లోపలి కంచు బుష్‌లు అరుగుతున్నాయేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్యువల్‌లో ఈపీ 90 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే గేర్ ఆయిల్) అనే ఉంది. షాపులో మాత్రం జీఎల్-5 అనే రకం గేర్ ఆయిల్ ఇస్తున్నారు. అందులోని గంధకం కంచును తినేస్తుందంటారు కదా, అందుకే అలాంటి రసాయనాలు తక్కువుండే జీఎల్-4 రకం వైపే మొగ్గుతున్నాను. కంచుకు హాని లేదని డబ్బా మీద రాసిన జీఎల్-5ను నమ్మవచ్చా? సింథటిక్ పోస్తే కిక్‌స్టార్టర్ షాఫ్ట్ దగ్గర కారడం ఎక్కువవుతుందా? ఈ బండిని ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లు ఏం వాడుతున్నారో దయచేసి చెప్పండి. లేషాఫ్ట్ (గేర్‌బాక్స్‌లోని రెండో గేర్ల షాఫ్ట్) బేరింగ్ కూడా ఇప్పుడే మార్చేయమంటారా?