పెరట్లో చెట్లా, అద్దె గదులా? తేల్చండి

పద్మనాభం రైతు:
మాది విశాఖ జిల్లా పద్మనాభం మండలం. ఇంటి వెనక పదిహేను సెంట్ల పెరడు ఉంది. నాలుగు కొబ్బరి, రెండు మునగ, ఒక పనస, కరివేపాకు, గట్టు వెంబడి ఒక వరస సరుగుడు. మా బావగారు వచ్చినప్పుడల్లా ఒకటే పాట: "అవన్నీ కొట్టించి రెండు గదులు వెయ్యి, నెలనెలా అద్దె వస్తుంది. చెట్టు ఏనాడైనా సంసారం నడిపిందా?" భోగాపురం ఎయిర్‌పోర్ట్ పనులు మొదలయ్యాక మా వైపు అందరిదీ ఇదే మాట. పెరటి చెట్ల వల్ల రైతు ఇంటికి నిజంగా ఆసరా ఉందా, లేక మన సెంటిమెంటేనా?

ఆనందపురం పూలు:
ఆసరా ఉందండీ, లెక్కలో కనబడదంతే. మీ బావగారు వచ్చిన డబ్బు లెక్కేస్తారు గానీ కొనని సరుకు లెక్కేయరు. మా అమ్మ చేత ఒక నెలంతా కిరాణా చీటీ వెనక రాయించాను. కొబ్బరికాయలు, మునక్కాడలు, నిమ్మకాయలు, మేకకి అవిశ రొట్ట, పొయ్యిలోకి కొబ్బరి మట్టలు. ఈనెలు గీసి చీపుర్లు కూడా కట్టుకుంటుంది. చీటీ వెనక చోటు చాలక ముందు వైపు అంచుల్లో రాసింది. మిగిలిన కరివేపాకు మా చామంతి బుట్టలతో పాటే ఆటో ఎక్కుతుంది. ఆ డబ్బు నాన్న చేతికి పోదు, అమ్మ పోపుల డబ్బాలోకే. నా పదో తరగతి పరీక్ష ఫీజు అందులోంచే కట్టింది.

భీమిలి గాలి:
వినడానికి బాగుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. పొద్దున మా పెరట్లో పదకొండు కొబ్బరి చెట్లు, సాయంత్రానికి రెండు. ఒకటి రేకుల షెడ్డు మీదే పడింది. దేశవాళీ కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. అన్నేళ్ళూ కూరలోకి కాయ కొనుక్కున్నాం. గాలికి పోయేదాన్ని ఆసరా అని ఎలా అంటారు?

మెట్ట మాస్టారు:
అన్నీ కొబ్బరే పెడితే అంతే మరి. పెరడంటే కలగలుపు. పీకేఎం-1 అనే రకం మునగ గింజ వేస్తే ఏడాది తిరక్కుండానే కాయ చేతికొస్తుంది. సరుగుడు నాలుగైదేళ్ళలో కోతకొస్తుంది, కాగితం మిల్లులకీ కట్టడాల వాళ్ళకీ పోతుంది, పైగా వేరు బుడిపెలతో నేలకి నత్రజని ఇస్తుంది. పాడేరు, అరకు వైపు చూడండి: సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే మిరియం తీగ. ఒకదాని ధర పడితే ఇంకొకటి ఆదుకుంటుంది. అలాగని కొండ మీద నడిచేదాన్ని మన మెట్టకి ఉన్నదున్నట్టు దించేయకూడదు. టేకు పెట్టే ఆలోచన ఉంటే ముందే చెబుతున్నా, కొట్టి తరలించాలంటే అటవీశాఖ పర్మిట్ కావాలి. పిల్ల పెళ్ళికి అక్కరకొస్తుందని కూర్చుంటే ముహూర్తం దాటిపోగలదు!

కాలనీ ఇల్లు:
ఇదంతా పెరడున్నవాళ్ళ గొడవ. మాది సెంటున్నర కాలనీ స్థలం. ఇల్లు పోను ఒక బొప్పాయి, ఒక కరివేపాకు. బొప్పాయి పండేలోపే కోతులు పట్టుకుపోతాయి. నేను పనికి పోయేది సొంత పొలానికి కాదు, కూలికి. నాకు అద్దె గదే ఆసరా. ఎవరైనా ఇస్తే!

భీమిలి గాలి:
ఈ మాట నిజం. భూమి లేనివాడికి చెట్టు పాఠాలు చెప్పకూడదు.

ఆనందపురం పూలు:
ఒప్పుకుంటాను. కానీ పద్మనాభం అన్నకి పదిహేను సెంట్లున్నాయి కదా, ఆయన అడిగింది ఆ పెరడు గురించే.

పద్మనాభం రైతు:
నిన్న మీ పోస్టులన్నీ మా అమ్మకి చదివి వినిపించాను. తుపాను కబురుకి తలూపింది, కోతులకి నవ్వింది. చివర్లో ఒకటే అడిగింది: "గది అద్దె ఎవరి చేతికొస్తాదిరా?" నాకు నోట మాట రాలేదు. ప్రస్తుతానికి సరుగుడు వరస ఒక్కటే బేరం పెట్టాను. బావగారు ఆదివారం వస్తానన్నారు.